పోపుల డబ్బా మారదు, ఆవాలు మారతాయి

2019 నవంబరులో మా రాయదుర్గం మెట్రో స్టేషన్ మొదలైనప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. మెడలో ఐడీ కార్డులతో వెళ్తున్న వాళ్ళని చూసి, "నేనూ ఇలాగే ఆఫీసుకెళ్తానమ్మా" అనేది. మొన్న బీటెక్ అయింది. మొదటి ఇంటర్వ్యూ పోయింది.

వారం రోజులు గది తలుపు తీస్తే ఒట్టు. అన్నం కంచం కూడా లోపలికే. ఒకరోజు వెళ్ళి మంచం మీద కూర్చున్నా.

"ఏమడిగారే?"

"నీకేం అర్థమవుతుందమ్మా! నువ్వు బీఏ తెలుగు."

చురుక్కుమంది. అయినా లేవలేదు. చివరికి విసుగ్గా మొదలుపెట్టింది.

జావాస్క్రిప్ట్‌ని 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో తయారుచేశాడట. అప్పట్లో విలువలు దాచడానికి 'వార్' అనే మాట వాడేవారు. దాంతో ఒక చోట పెట్టింది ఫంక్షన్ అంతా తిరిగేది. 2015లో 'లెట్', 'కాన్స్ట్' వచ్చాయి. లెట్‌తో పెట్టింది తన మీసాల బ్రాకెట్లు దాటదు. వంటింటి గిన్నె వంటింట్లోనే అన్నమాట. కాన్స్ట్‌తో పెట్టిన పేరుకి మళ్ళీ ఇంకో విలువ ఇవ్వకూడదు. ఇస్తే తప్పు చూపిస్తుంది.

"మరి నువ్వెక్కడ పొరపాటు పడ్డావు?"

"కాన్స్ట్‌తో పెట్టిన జాబితాలో కొత్తది చేర్చవచ్చా అన్నారు. చేర్చకూడదు అన్నాను. చేర్చవచ్చట." గొంతు పూడుకుపోయింది.

నాకు మా అత్తగారిచ్చిన పోపుల డబ్బా గుర్తొచ్చింది. "ఇరవై రెండేళ్ళుగా డబ్బా అదే. ఆవాలు అయిపోతే పోసుకోవట్లేదా? అలాంటిదేనా?"

తలెత్తి చూసింది. "అంతేనమ్మా!" వారం తర్వాత అది నవ్వడం అప్పుడే.

అప్పట్నుంచి రాత్రి గిన్నెలు కడిగాక నాకు పాఠం. వెనక్కి వాలిన కొటేషన్ల మధ్య వాక్యం రాసి, విలువ రావలసిన చోటు వదిలేస్తే అదే నింపుకుంటుంది. శుభలేఖలో పేరు దగ్గర ఖాళీ వదిలినట్టు. లెట్ లాంటి మాటలు ఇంగ్లీషులోనే ఉండాలి గానీ, విలువలకి పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చట! 'పాలు', 'ధర' అని రాసి రెంటినీ గుణించా. క్యాలెండర్ మీద వేసుకునే పాల లెక్క తెర మీద కనబడితే, బీఏ తెలుగు ఇన్నాళ్ళకి పనికొచ్చిందనిపించింది.

అమ్మాయికి ఉద్యోగం ఇంకా రాలేదు. వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నిన్న రాత్రి తనే వంటింట్లోకొచ్చి, "అమ్మా, ఇవాళ నువ్వు ప్రశ్నలడుగు, నేను చెప్తా" అంది.

మీ ఇంట్లోనూ మూసుకున్న తలుపు ఉంటే, "నీకేం తెలుసు" అన్నారని లేచి వచ్చేయకండి. "తెలీదు, నేర్పించు" అని అక్కడే కూర్చోండి.