తొమ్మిదో నంబరు గదిలో ఫాంటసీ ఫుట్‌బాల్

శనివారం రాత్రిళ్ళు తొమ్మిదో నంబరు గదిలోంచి కేకలు వినిపిస్తే "అన్నా, ఇయ్యాల క్రికెట్ లేదు గదా, ఏం చూస్తున్నరు?" అని జూనియర్ తమ్ముళ్ళు తలుపు తట్టి అడుగుతున్నారు. వార్డెన్ సారు కూడా రెండుసార్లు వచ్చి మా రిజిస్టరు తిరగేసి, ఇందులో డబ్బుల లెక్క లేదని చూసుకొని వెళ్ళారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే వార్షికోత్సవ సంచికలో రాస్తే అందరికీ తెలుస్తుందని మేం అనుకున్నాం. పాత విద్యార్థి అన్నలు కూడా చదువుతారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాం.

ఇంగ్లండులో ప్రీమియర్ లీగ్ అని 20 క్లబ్బుల ఫుట్‌బాల్ పోటీ ఉంది. ఆగస్టు నుంచి మే దాకా ఒక్కో క్లబ్బు 38 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ క్లబ్బుల ఆటగాళ్ళలోంచి మనకు నచ్చినవాళ్ళతో ఒక జట్టు కట్టుకుంటాం. వాళ్ళు అక్కడ మైదానంలో నిజంగా ఏం చేస్తే దాన్నిబట్టి ఇక్కడ మనకు పాయింట్లు వస్తాయి. ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే ఇంతే.

ఈ ఆలోచన పాతదే. 1962లో అమెరికాలో ఓక్లాండ్ రైడర్స్ జట్టు వాటాదారు బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన మిత్రులతో కూర్చొని నియమాలు రాసుకున్నాడు. మరుసటి ఏడు ఎనిమిది మందితో ఆట మొదలైంది. వాళ్ళది బంతిని చంకన పెట్టుకొని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ అనుకోండి, అది వేరే. కంప్యూటర్ లేని రోజులు కాబట్టి పేపర్లో స్కోర్లు చూసి చేత్తోనే లెక్క కట్టేవారు. ప్రీమియర్ లీగ్ వాళ్ళ సొంత ఫాంటసీ ఆట 2002-03 సీజనులో వచ్చింది. 2024-25లో దాన్ని కోటి మందికి పైగా ఆడారు. మా రూళ్ళ రిజిస్టరు చూసి నవ్వేవాళ్ళకు వింకెన్‌బాక్ సంగతి చెబుతుంటాం.

ఇక జట్టు కట్టడం. మొత్తం 15 మంది కావాలి. ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒకే క్లబ్బు నుంచి ముగ్గురికి మించి తీసుకోకూడదు. వారం వారం వీళ్ళలో 11 మందిని ఆడించి నలుగురిని బెంచి మీద కూర్చోబెట్టాలి. చేతిలో ఉండేది 100 మిలియన్ పౌండ్లు, అన్నీ ఉత్తుత్తి డబ్బులే. ఒక్కో ఆటగాడికి ఒక్కో ధర ఉంటుంది. చవకవాడు 4 మిలియన్లకు దొరుకుతాడు, పేరున్నవాడు 14 దాకా అడుగుతాడు.

మెస్ కమిటీలో పనిచేసినవాళ్ళకు ఈ భాగం చెప్పనక్కర్లేదు. 2024లో కాలేజీ హాస్టళ్ళ డైట్ ఛార్జీ నెలకు 1500 నుంచి 2100 రూపాయలైంది. అయినా చికెన్ ఒక పూట ఎక్కువ పెడితే ఆ వారం కూరల్లో తగ్గించుకోవాల్సిందే కదా. ఇక్కడా అంతే. ముగ్గురు హీరోలను కొన్నవాడి బెంచి మీద మైదానం మొహమే చూడనివాళ్ళు కూర్చుంటారు. మా అనుభవంలో కొత్తవాళ్ళు పేర్లు కొంటారు, పాతవాళ్ళు నిమిషాలు కొంటారు. 60 నిమిషాలు ఆడినవాడికి ఇంకేమీ చేయకపోయినా 2 పాయింట్లు వస్తాయి. అంతకంటే తక్కువ ఆడితే 1, దిగకపోతే సున్నా.

గోలు కొడితే ఫార్వర్డ్‌కు 4, మిడ్‌ఫీల్డర్‌కు 5, డిఫెండర్‌కు 6 పాయింట్లు. గోలు అందించినవాడికి 3. తమ జట్టు ఒక్క గోలూ ఇవ్వకపోతే, అంటే క్లీన్ షీట్ అయితే, 60 నిమిషాలు ఆడిన గోల్‌కీపర్‌కూ డిఫెండర్‌కూ 4 చొప్పున. పసుపు కార్డుకు ఒకటి కోత, ఎర్ర కార్డుకు మూడు కోత. 2025-26 నుంచి ఇంకోటి చేర్చారు: ఒక మ్యాచ్‌లో బంతిని లాక్కోవడం, అడ్డుకోవడం, దూరంగా తన్నేయడం లాంటివి డిఫెండర్ పది చేస్తే 2 పాయింట్లు. దీనివల్ల ఓడిపోయే జట్ల డిఫెండర్లకు కూడా విలువ వచ్చింది. రాత్రంతా దెబ్బలు కాసేవాడికి ఏదో ఒకటి దక్కాలి కదా.

స్థానం ఎంత ముఖ్యమో ఒక లెక్క చూడండి. 2022-23లో మాంచెస్టర్ సిటీ ఫార్వర్డ్ హాలండ్ 36 గోల్స్ కొట్టాడు. నాలుగు చొప్పున గోల్స్ మీదే 144 పాయింట్లు. 2024-25లో లివర్‌పూల్ సలా కొట్టినవి 29. అతన్ని మిడ్‌ఫీల్డర్‌గా లెక్కిస్తారు కాబట్టి ఐదు చొప్పున 145. ఏడు గోల్స్ తక్కువ కొట్టి ఒక పాయింటు ఎక్కువ! సలా ఆ ఏడాది మొత్తం మీద 344 పాయింట్లు తెచ్చి రికార్డు పెట్టాడు. చవకవాళ్ళ సంగతికొస్తే, 2023-24 మొదట్లో పాల్మర్ ధర 5 మిలియన్లే. చెల్సీకి వెళ్ళి 22 గోల్స్ కొట్టి 244 పాయింట్లు తెచ్చాడు. 14 మిలియన్ల హాలండ్‌కు ఆ ఏడు అన్ని రాలేదు. ఇలాంటివాణ్ణి ముందు పట్టినవాడిదే మా రిజిస్టరులో మొదటి వరుస.

ప్రతి వారం ఒకరిని కెప్టెన్ చేస్తే అతని పాయింట్లు రెట్టింపు. వారానికి ఒక మార్పు ఉచితం, వాడకపోతే ఐదు దాకా పోగవుతాయి. అంతకు మించి మారిస్తే ఒక్కోదానికి 4 కోత. ఒక్క ఆదివారం గోలు కొట్టలేదని సోమవారమే ఆటగాణ్ణి మార్చేవాళ్ళు మా గదిలో ఇద్దరున్నారు. వాళ్ళు ఎప్పుడూ చివరి వరుసే. వైల్డ్‌కార్డ్ లాంటి చిప్‌లు కూడా అసలు ఆటలో ఉన్నాయి గానీ మేం రిజిస్టరులో పెట్టలేదు. లెక్క కట్టేవాడికి ప్రాణం పోతుంది.

రిజిస్టరు ఎందుకంటే, మాలో అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ లేదు. ధరలూ పాయింట్లూ ఒకరి ఫోనులో చూస్తాం, 22 మంది జట్లూ పుస్తకంలో రాస్తాం. ఫోన్ ఉన్నోడికీ లేనోడికీ ఒకటే ఆట.

ఇప్పుడు అసలు సంగతి. మాతోపాటు ఉన్న ఒక మిత్రుడు డబ్బు పెట్టి క్రికెట్ జట్లు కట్టే యాప్‌లో 49 రూపాయలతో మొదలుపెట్టాడు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధం. అయినా ఫోన్‌లో ఊరు మార్చి ఆడేవాళ్ళు ఆడారు. స్కాలర్‌షిప్ పడిన వారంలోనే పోయింది. పరీక్ష ఫీజు కట్టలేదు. ఊరెళ్ళి సెంట్రింగ్ పనిలో చేరాడు. పేరు రాయం. తెలివిలేనివాడు కాదు, మా అందరికంటే ఆట బాగా తెలిసినవాడు. కానీ అందరూ పెట్టిన డబ్బులోంచి నడిపేవాడు తన వాటా ముందే తీసుకొని మిగిలింది పంచుతాడు. అందరం కలిసి పెట్టినదానికంటే అందరికీ కలిసి వచ్చేది ఎప్పుడూ తక్కువే. ఎంత ఆట తెలిసినా ఈ తీసివేత మారదు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ అప్పటికే మా గదిలో ఒక మంచం ఖాళీ అయింది. ఆ వారమే మేం రిజిస్టరు తెరిచాం.

క్రికెట్ వదిలి ఫుట్‌బాల్ ఎందుకని కొందరు అడిగారు. పందెం గుర్తు రాని ఆట కావాలనుకున్నాం, అంతే. ఐనా ఫుట్‌బాల్ మనకు పరాయిది కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టు కోచ్ రహీం సాబ్ హైదరాబాదు ఆయనే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ.

మొన్న దసరా సెలవుల తర్వాత ఆ మిత్రుడు ఫోన్ చేశాడు. "నా జట్టు గూడ రాయుండ్రి" అని పదిహేను పేర్లు చెప్పాడు. 99.5 మిలియన్లకు సరిపెట్టాడు. ఇప్పుడు రిజిస్టరులో 23 పేర్లు. అతని పాయింట్లు ప్రతి మంగళవారం మెసేజ్ పెడతాం. పోయిన వారం అతనిది మూడో స్థానం. సప్లిమెంటరీ ఫీజు ఆఖరి తేదీ కూడా అదే మెసేజ్‌లో పెట్టాం.

చేరదలచినవాళ్ళకు: కెప్టెన్ పేరు, మార్పులు శుక్రవారం సాయంత్రం అటెండెన్స్ అయ్యేలోపు రాయించాలి. అసలు ఆటలో వారం మొదటి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందు గడువు ముగుస్తుంది. శనివారం తొలి మ్యాచ్ మనకు సాయంత్రం ఐదుకు, అక్టోబరు చివర వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక ఆరుకు. శుక్రవారమే మ్యాచ్ ఉంటే అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. అందుకని మా గడువు మాది. స్టడీ అవర్‌లో రిజిస్టరు తీయం. సోమవారం రాత్రి మ్యాచ్ మనకు మంగళవారం తెల్లవారుజామున అవుతుంది కాబట్టి మొత్తాలు మంగళవారం టిఫిన్ దగ్గర చదువుతాం. పెన్ను మీరే తెచ్చుకోండి, మా దగ్గరున్నది ఒక్కటే.