చంటిపిల్లల్ని చూసే చేతులకు

సాయంత్రం సుల్తాన్ బజార్‌లో చీరల కొట్లన్నీ కిటకిటలాడుతున్నాయి. కౌంటరు వెనక చీరలు మడతపెడుతున్న ఒకమ్మాయి మధ్యమధ్యలో ఫోన్ చేసి బిడ్డ ఏం తిన్నాడో కనుక్కుంటోంది. ఇలాంటి తల్లులకు అంగన్‌వాడీ కొండంత అండ.

అంగన్‌వాడీలను నడిపే పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. యాభై ఏళ్లు నిండాయి. అయినా అంగన్‌వాడీ టీచరుకు కేంద్రం ఖరారు చేసిన గౌరవ వేతనం 2018 నుంచీ నెలకు 4,500 రూపాయల దగ్గరే ఆగింది. తెలంగాణ ప్రభుత్వం తన వాటా కలిపితేనే అది 13,650 అయింది. వీళ్లకు గ్రాట్యుటీ హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెబితే గానీ తేలలేదు.

ఈ టీచర్లకు ఆటపాటలతో చదువు నేర్పే శిక్షణ ఇస్తున్నారు, సంతోషం. కానీ శిక్షణ పొందిన మనిషి అదే పనిలో నిలవాలంటే బతకడానికి సరిపడా జీతం, రిటైరయ్యాక పింఛను ఉండాలి. ఓటడగడానికొచ్చే ప్రతి నాయకుణ్నీ ఈ మాట అడుగుదాం.