గ్లాసు వేరు, పళ్లెం వేరు (వాడ ముచ్చట్లు – 6)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ,

హెచ్ఐవీ గురించి మన పిల్లలకు ఎవరు చెప్పాలి, ఎట్లా చెప్పాలి? హాస్టల్ పిల్లలు చాలామంది అడిగారు కాబట్టి ఈసారి అదే ముచ్చట.

2000ల మొదట్లో "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు చూస్తూ పెరిగిన తరం మాది. ఊరంతా ఆ మాట మాట్లాడుకుంది. మంచిదే. కానీ పిల్లల చెవిన పడేసరికి అది "చెడు తిరుగుళ్లు తిరిగితే వస్తది"గా మారింది. జబ్బు కాస్తా శీలం లెక్క అయింది. ఆ లెక్క ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. దళిత ఆడబిడ్డను జోగినిని చేసిన ఊరే, ఆమెకు జబ్బొస్తే ఆమెనే తప్పు పట్టింది. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. కానీ "వద్దు" అనే హక్కే లేని మనిషికి "జాగ్రత్త" అని పోస్టర్ చూపిస్తే ఏం లాభం?

అందుకే మా వాడ కమ్యూనిటీ హాల్లో ఉపన్యాసాలు పెట్టలేదు. పేరు లేకుండా చీటీల మీద ప్రశ్నలు రాయమన్నాం. "దోమ కుడితే వస్తదా?", "ఒకే పళ్లెంల తింటే?" అని రాశారు. రెండింటికీ జవాబు ఒకటే: రాదు. మూడో చీటీ చదివాక నవ్వులు ఆగాయి: "కండోమ్ కొంటే మెడికల్ షాపాయన మా నాయినకు చెప్తడు. ఎట్లన్నా?"

ఏ పోస్టర్లోనూ లేని ప్రశ్న అది. జవాబు మా ఆశా అక్క చెప్పింది: "సర్కారు దవాఖానల ఊరికెనే ఇస్తరు బిడ్డా. సిగ్గయితే నన్నడుగు. ఎవ్వలకు చెప్ప." వాడ మనిషే చెప్పింది కాబట్టి పిల్లలు నమ్మారు.

గుర్తు పెట్టుకోండి. సర్కారు దవాఖానలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. మందులు 2004 నుంచి ఉచితం. మానకుండా వాడి, వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అట్లాగే నిలిచిన మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు. అనుమానముంటే 1097కి ఫోన్ చేయండి. బడిలో, పనిలో, వైద్యంలో వివక్ష చూపడం 2017 చట్టం ప్రకారం నిషేధం.

చివరగా ఒక మాట. గ్లాసు వేరు, పళ్లెం వేరు... ఇది మనం తరతరాలుగా పడ్డ అవమానం. ఊరు మనకు చేసిందాన్ని, హెచ్ఐవీ ఉన్న మన మనిషికి వాడలో మనమే చేస్తే ఇక అంబేద్కర్ ఫోటో ఎందుకు?

ఈ ఆదివారం మీ హాస్టల్లో ఒక చీటీల డబ్బా పెట్టండి. వచ్చిన ప్రశ్నలు నాకు పంపండి. వచ్చే భాగం వాటితోనే.

జై భీమ్.