కత్తెర పట్టినవాళ్ళ పేర్లు

జనవరి 31, 2025, శుక్రవారం
సాల్మియా, కువైట్

అక్క కూతురు హైదరాబాద్‌లో ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్‌లో చేరింది. రాత్రి ఫోన్లో అడిగింది: "మామా, డిజైనర్ల పని తెలియాలంటే ఏ పుస్తకం చదవాల?"

మాల్‌లో పుస్తకాల షాపుకి పోయి చూశాను. ఎత్తితే చెయ్యి నొప్పెట్టేంత పెద్ద పుస్తకాలు, నిండా ఫొటోలు. ప్రతి గౌనూ ముందువైపు నుంచే. చంక దగ్గర గుడ్డ ఎలా తిప్పారో, లైనింగ్ ఎక్కడ ఆపారో కనబడదు. బట్టను తిరగేసి లోపలి కుట్టు చూపించని పుస్తకం పని నేర్చుకునే పిల్లకి ఎందుకు?

ఫిబ్రవరి 12, బుధవారం

1947లో ఇదే రోజు పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు. నడుము బిగించి, లంగా కిందికి దించి, గజాలకు గజాలు గుడ్డ పోశాడు. యుద్ధం ముగిసి రెండేళ్ళు కాలేదు, గుడ్డకి ఇంకా కరువే. మెచ్చినవాళ్ళున్నారు, మండిపడ్డవాళ్ళూ ఉన్నారు.

ఆయన ఆత్మకథ 'డియోర్ బై డియోర్' మళ్ళీ తీశాను. ఆయనకు పేరొచ్చిన ఆ రోజు కంటే కుట్టుగదుల గురించి రాసిన పేజీలే నాకు ఇష్టం. ఆయన గీసేవి చిన్న చిన్న బొమ్మలు. వాటిని గుడ్డలోకి తెచ్చే బాధ్యత మార్గరీత్ కారే అనే ఆమెది. ముందు తెల్లగుడ్డతో నమూనా కుట్టి, మనిషికి తొడిగి, విప్పి, మార్చి, ఆ తర్వాతే అసలు గుడ్డ మీద కత్తెర. ఆమె పేరును డియోర్ దాచలేదు. పుస్తకంలో ఆమెకు పెద్ద చోటే ఇచ్చాడు. కటింగ్ మాస్టర్‌గా నాకు ఆ ఒక్క సంగతికే ఆయన మీద గౌరవం.

మేం ఇక్కడి ఆడవాళ్ళకి కుట్టే పొడుగు గౌను దరాఆ చూసి, వదులు బట్టే కదా అంటారు. భుజం అర అంగుళం జారితే మొత్తం నిలువు వంకరపోతుంది. కాగితం మీద భుజం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

డియోర్ మొదటి కలెక్షన్లో అందరూ చెప్పుకునే 'బార్' జాకెట్ తయారైన కుట్టుగదికి పెద్ద పియర్ కార్డెన్. అప్పటికి 24 ఏళ్ళ కుర్రాడు.

ఫిబ్రవరి 22, శనివారం

సదు హౌస్‌కి వెళ్ళొచ్చాను. సదు అంటే బెదూయిన్ ఆడవాళ్ళు నేలమీద పరిచిన మగ్గంపై గొర్రె ఉన్ని, ఒంటె వెంట్రుకలతో నేసే నేత. 2020లో యునెస్కో జాబితాలో చేరింది. 'షజరా' అనే పట్టీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నేసే మనిషి తన చుట్టూ చూసినవాటిని గుర్తులుగా అందులో పెడుతుంది. గీసేదీ ఆమే, నేసేదీ ఆమే. పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

రేపటి నుంచి రంజాన్ ఉపవాసాలు. ఆర్డర్లు కుప్పలుగా ఉన్నాయి, పండగ దాకా నిద్ర తక్కువే.

పాపకి డియోర్ తర్వాత రెండో పుస్తకం భాను అథైయా రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ కాస్ట్యూమ్ డిజైన్' (2010) అని చెప్పాను. 'గాంధీ' సినిమాకి జాన్ మొలోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకుంది. మనదేశానికి అదే మొదటిది. కోటు నుంచి కొల్లాయి దాకా ఒక మనిషి జీవితాన్ని బట్టల్లో చూపించాలంటే ఎంత చూసి ఉండాలి, ఎంత వెతికి ఉండాలి!

"మన తెలుగు సినిమా బట్టల మీద లేదా?" అంది. 'మహానటి'కి ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు ముగ్గురికీ కలిపి జాతీయ అవార్డు వచ్చింది. సావిత్రమ్మ కట్టిన చీరలను ఈ కాలంలో మళ్ళీ పుట్టించిన పని అది. దానిమీద ఒక పుస్తకం తెలుగులో రావాలి. బొమ్మతో మొదలుపెట్టి, నేసినవాళ్ళనీ, జాకెట్లు కత్తిరించిన మాస్టర్లనీ, హెమ్మింగ్ చేసిన ఆడవాళ్ళనీ పేరుపేరునా చెప్పాలి.

"నువ్వే రాయి పాపా," అన్నాను. నవ్వలేదు. "చదువు అయిపోనీ మామా," అంది.

డియోర్ పుస్తకం ఊరెళ్తున్న మా రూం అన్న చేతికిచ్చాను. రాజంపేట దాకా ఆయన తెస్తాడు, అక్కణ్ణించి బావ హైదరాబాద్ పంపిస్తాడు. మార్గరీత్ ఉన్న పేజీల్లో కొలత టేపు ముక్కలు పెట్టాను.