శుభవార్త ముందు

విజయవాడ నుంచి ఏలూరు పోయే జాతీయ రహదారి మీద హనుమాన్ జంక్షన్ ఉంది. ఒకవైపు నూజివీడు, మరొకవైపు గుడివాడ దారులు అక్కడే చీలుతాయి. కూడలిలో వెలసిన ఆంజనేయస్వామి పేరే ఊరి పేరైంది. దారి అడిగేవారూ, బస్సు కోసం ఎదురుచూసేవారూ నిత్యం మసలే చోటికి ఒక మాటనేర్పరి పేరు అమరడం కాకతాళీయమే అయినా ముచ్చటైన విషయం.

కిష్కింధలో హనుమంతుడు తొలిసారి మాట్లాడినప్పుడు శ్రీరాముడు ఆ మాటతీరును లక్ష్మణునితో మెచ్చుకుంటాడు. ఎంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదనీ, కనుబొమలలోగాని నుదుటగాని వికారం కనిపించలేదనీ, స్వరం మరీ హెచ్చక మరీ తగ్గక సాగిందనీ వాల్మీకి రామునిచేత చెప్పించాడు. ఉద్యోగి మాటను తూచడానికి నేటి కార్యాలయాలలోనూ ఇంతకు మించిన కొలతలు లేవు.

లంక నుంచి తిరిగివచ్చినప్పుడు ఆ నేర్పు పరీక్షకు నిలిచింది. 'చూశాను' అనే అర్థమిచ్చే పదాన్ని ముందు పలికి, 'దేవి' అన్న మాటను అతడు తరువాత ఉంచాడు. ఆ మాటే ముందు వస్తే, వినబోయేది ఏమిటోనని వినేవారి ప్రాణం క్షణకాలమైనా తల్లడిల్లేది.

తెలుగు ఇళ్ళలో ఈ మర్యాద పాతదే. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటారు. దీపం ఆరితే 'కొండెక్కింది' అంటారు. బయలుదేరేవారు 'వెళ్తాను' అనక 'వెళ్ళివస్తాను' అంటారు. ఈ సంస్కారం ఇంటి గడప దాటి కొలువుకు మాత్రం తరచుగా రాదు. బస్టాండులో ఒక వృద్ధుడు, "బాబూ, గుడివాడ బస్సుందా?" అని అడిగాడనుకుందాం. "వెళ్ళిపోయింది" అన్నా నిజమే. "అరగంటలో ఇంకోటి ఉందండీ, కూర్చోండి" అన్నా నిజమే. మొదటి మాట విన్నవాడు తన ఆలస్యానికి కుమిలిపోతాడు. రెండవది విన్నవాడు నీడ చూసుకుని కూర్చుంటాడు. "నీకు లెక్కలు రావు" అనే అధికారికీ, "ఈ వరుస మరొకసారి కూడి చూడండి" అనే అధికారికీ తేడా ఇంకా పెద్దది. మొదటివాని దగ్గరకు గుమాస్తా మరునాడు పొరపాటు జరిగినా చెప్పుకోవడానికి రాడు. కార్యాలయానికి అసలు నష్టం అక్కడే.

అయితే మంచిమాట పేరుతో నిజాన్ని కప్పిపుచ్చేవారూ ఉన్నారు. రాని బస్సును వస్తుందని చెప్పడం మర్యాద కాదు, మోసం. హనుమంతుడు ఆ పని చేయలేదు. సీత క్షేమాన్ని ముందు చెప్పి, ఆమె దుఃఖాన్నీ, రాక్షస స్త్రీల బెదిరింపులనూ, ఒక్క నెలకు మించి జీవించనన్న ఆమె మాటనూ దాచకుండా విన్నవించాడు. ఆ గడువు విన్న తరువాతే వానరసేన దక్షిణానికి కదిలింది.