పిల్లలమర్రి దాక

కొత్తవారెవరైనా "మీది ఏ ఊరు?" అని అడిగితే, షోలాపురములో పుట్టి షోలాపురములోనే ముసలివారైన మా నాయన "పాలమూరు" అంటారు. మన భవాని పేట్‌లో ఇట్లాంటి పెద్దలు ఇంటికి ఒకరు ఉంటారు గనుక, ఇది వింతగా చెప్ప పనిలేదు. అయితే మా నాయన పాలమూరును చూచినది చిన్ననాడు ఒక్కసారే. మా నాయనమ్మ వెంట పోయి పిల్లలమర్రి క్రింద ఒక పూట ఆడుకొన్నారట. ఆ ఒక్క పూటను డెబ్బది ఏండ్లుగా మాకు చెప్పుచున్నారు.

పోయిన సెలవులలో మేము అక్కడికి పోయినాము. చెట్టు కొరకు కాదు. మా తాత మగ్గము విడిచి ఇక్కడి మిల్లుకు వచ్చినప్పుడు ఊరిలో వదలిన ఇంటి జాగాలో మా భాగమును, అక్కడే ఉన్న చిన్నతాత మనుమలకు వ్రాసి ఇచ్చుటకు. గోడలు ఏనాడో కూలినవి. వాళ్ళు ఇల్లు కట్టుకొనవలెను. న్యాయమే గదా! కాగితము చిత్తు మేమే వ్రాసినాము. ఇరువది ఏండ్లుగా ఆఫీసులో ఇతరుల కాగితములు వ్రాసిన చేయి, నాయన పేరు దగ్గర మాత్రము కొంచెము ఆగినది. ఆయన సరే అన్నారు గాని, ఆ తరువాత మూడు దినములు మాతో సరిగా మాట్లాడలేదు.

రాయచూరు దాక రైలు, అక్కడ నుండి బస్సు. కృష్ణ దాటగానే నాయన కిటికీ ప్రక్కకు జరిగినారు. "ముందు మర్రి చూపించు, తరువాత సంతకము" అన్నారు. అది బెదిరింపో ముచ్చటో మాకు తెలియలేదు.

మహబూబ్‌నగర్ పట్టణమునకు 4 కిలోమీటర్ల దూరములో ఉన్నది పిల్లలమర్రి. వయస్సు సుమారు 700 ఏండ్లు అంటారు. దూరము నుండి చెట్టు వలె తోచదు, ఒక పచ్చని గుట్ట వలె తోచును. మూడెకరముల మేర కొమ్మలు చాచి, ఊడలు దించి, ఏది మొదలో ఏది ఊడో పోల్చరాకుండ నిలిచి ఉన్నది. మా నాయన ఇన్నేండ్లు చెప్పినది ఎక్కువ కాదు, తక్కువే.

కాని చుట్టూ కంచె ఉన్నది. నాయన కంచె పట్టుకొని కావలివానితో, "బిడ్డా, షోలాపురము నుండి వచ్చినాము. ఒక్కసారి మొదలు ముట్టి వస్తా" అన్నారు.

"నిన్ను పంపితే రేపు వందమంది వస్తరు తాతా" అన్నాడతడు, మర్యాదగానే.

అతడే చెప్పినాడు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడినదట. లోపల చెదలు తొలిచివేసినవి. వచ్చినవారు కొమ్మలకు ఊగుటయు, బెరడు మీద పేర్లు చెక్కుటయు చాలలేదు కాబోలు! రంధ్రములు చేసి మందు పోస్తే నిలువక కారిపోయినదట. అందుచేత 2018లో ఆసుపత్రిలో రోగికి కట్టినట్లు, వందలకొలది సెలైను సీసాలు కొమ్మలకు వ్రేలాడదీసి చెదల మందును చుక్కచుక్కగా ఎక్కించినారు. వాలిన కొమ్మలకు సిమెంటు స్తంభములు ఊతగా నిలిపినారు.

"నాకు రెండు సీసాలకే ఓపిక లేకపోయె" అన్నారు నాయన. నిరుడు ఆసుపత్రిలో సూది పీకివేసి కూర్చున్న ఘనత ఆయనది లెండి.

ఆయనకు ఊరట కలుగునని మేము చదివిన సంగతి ఒకటి చెప్పినాము. కలకత్తా దగ్గర హౌరా తోటలో ఇట్లాంటి మహావృక్షము ఉన్నది. తుపానులకు దెబ్బతిని, బూజు పట్టిన దాని తల్లి మొదలును 1925లో తీసివేసినారు.

"మొదలు తీస్తే చెట్టు పడలేదా?"

"లేదు. ఊడలే మోస్తున్నవి. నేటికీ పెరుగుచున్నది."

నాయన చాలసేపు ఏమియు అనలేదు. తరువాత మంచినీళ్ళు అడిగినారు.

గాలికి కంచె ఇవతల పడిన ఆకులను మా శ్రీమతి ఏరి తెచ్చినది. నాయన ఒక పుల్లను చీల్చి, నాయనమ్మ కుట్టినట్లు విస్తరి కుట్టుట మొదలుపెట్టినారు. కండె చేతపట్టి పదేండ్లు దాటిన వేళ్ళు మొదట వణకినవి, తరువాత వణకలేదు. మరాఠీ బడిలో చదువుచున్న మా అబ్బాయి, తాత చేతుల వైపు చూచుచు ఫోను జేబులో పెట్టినాడు. దానిని ఇంతకన్న పొగడనవసరము లేదు. ఇంటి నుండి తెచ్చిన జొన్న రొట్టె, పల్లీల కారము ఆ వంకర విస్తరిలోనే తిన్నాము.

మరునాడు రిజిస్ట్రీ కచేరికి పోయినాము. చిన్నతాత మనుమలు నాయన కాళ్ళకు మ్రొక్కినారు. గుమాస్తా కాగితము మీదనుండి తల ఎత్తక, "పెద్దాయనా, ఏ ఊరు?" అని అడిగినాడు. మా అలవాటు చొప్పున జవాబు మాకు ముందే తెలుసునని అనుకొన్నాము.

"భవాని పేట్, షోలాపురము" అన్నారు నాయన. కలము కొరకు చేయి చాపినారు.