మా ఇంటి మోనిత

మా అవ్వకు కోపం వస్తే మా అక్కను "మోనితా" అని పిలుస్తుంది. అది అక్క పేరు కాదు. స్టార్ మాలో వచ్చిన కార్తీకదీపం సీరియల్లో విలన్ పేరు. 2017 నుంచి 2023 దాకా ఆ సీరియల్ వచ్చే టైములో మా ఇంట్లో ఎవరూ నోరు తెరవకూడదు. పక్కింటి తమిళ అత్త అదే కథను విజయ్ టీవీలో భారతి కణ్ణమ్మ అని చూసేది. అక్కడ విలన్ పేరు వెణ్బా. రెండూ మలయాళం సీరియల్ కరుత్తముత్తు నుంచి వచ్చినవే. హోసూరులో ఉన్నందుకు ఒకే విలన్‌ను రెండు భాషల్లో తిట్టడం వినే భాగ్యం నాకు దక్కింది.

కథ మీ అందరికీ తెలుసు. దీప నల్లగా ఉంటుంది. డాక్టర్ కార్తీక్ ఆమెను ఇష్టపడి పెళ్లి చేసుకుంటాడు. మోనిత కూడా డాక్టరే. ఆమె అతనికి పిల్లలు పుట్టరని నమ్మిస్తుంది. అతను కడుపుతో ఉన్న భార్యను అనుమానిస్తాడు. దీప వంటలక్కగా బతుకుతూ కూతుర్ని పెంచుతుంది. నల్లని అమ్మాయిని హీరోయిన్‌గా పెట్టడం నాకు నచ్చింది. కానీ ఆ నటికి మేకప్ వేసి నల్లగా చూపిస్తారని తెలిశాక కొంచెం బాధ కలిగింది. నల్లగా ఉన్నవాళ్లు దొరకలేదా?

ప్లస్ టూ అయినాక అక్కకు ఒక సంబంధం వచ్చింది. నర్సింగ్ చదవాలి, పెళ్లి ఇప్పుడే వద్దు అని అక్క అనింది. అవ్వ అందరి ముందర, "చదువు ఎక్కువైతే ఇంతే, మోనిత మాదిరి తయారవుతాండాది" అనింది. ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. ఇప్పుడు నర్సింగే చదువుతోంది, కానీ ఆ పేరు మాత్రం పోలేదు.

మోనిత చేసింది తప్పే, కాదనను. కానీ కార్తీక్ డాక్టర్ కదా, ఇంకో చోట పరీక్ష చేయించుకోవచ్చు కదా! ఏళ్ల తరబడి భార్యను ఏడిపించినా అతను హీరోనే. రాజకీయం అంటే ఓట్లు, జెండాలు అనుకునేవాణ్ణి. తప్పు ఎవరి మీద వెయ్యాలి అని తేల్చడం కూడా రాజకీయమే అని ఇప్పుడు అనిపిస్తోంది.

కృష్ణగిరి దగ్గర మా మామకు మామిడి తోట ఉంది. తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి పోతాయి. ధర పడిపోయిన ఏడు మామ ఎవర్నీ తిట్టలేదు. మండీవాళ్లు ఫ్యాక్టరీ అన్నారు, ఫ్యాక్టరీవాళ్లు పాత సరుకే అమ్ముడుపోలేదన్నారు. ఎవర్ని తిట్టాలి? అలాంటి విలన్ సీరియల్లో రాడు, వానికి మొహం లేదు. మోనితకైతే మొహం ఉంది, వచ్చేటప్పుడు మ్యూజిక్ కూడా ఉంది.

మొన్న అవ్వ ఇంకో సీరియల్ చూస్తుంటే పక్కన కూర్చుని అడిగినాను, "అవ్వా, కార్తీక్ తప్పు ఏమీ లేదా?" అని.

"మొగోడు, వానికేం తెలుస్తాది" అనింది. కొంచెం సేపు ఊరుకుని, "మీ తాత కూడా ఒకసారి నన్ను పుట్టింట్లో వదిలేసినాడు. ఎనిమిది నెలలు. ఎవరో ఏమో చెప్పినారంట" అనింది.

ఈ మాట ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. "ఎవరు చెప్పినారు అవ్వా?" అన్నాను.

"ఎవరో ఆడదే అయ్యుంటాదిలే" అని అవ్వ టీవీ సౌండ్ పెంచింది.